వక్కపొడి చెట్టు నుంచి వచ్చేదే కదా, రాత్రిపూట లారీ తోలేవాళ్లు వాడితే తప్పేంటి?

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది క్లుప్తంగా ఇది. వాళ్ల అన్న తాడిపత్రి నుంచి బండల లారీ తోలుతాడు, ఎక్కువగా రాత్రిళ్లే. నిద్ర ఆపుకోవడానికి తీపి వక్కపొడి ప్యాకెట్లు రోజుకు పది, పన్నెండు వేసుకుంటాడు. పొగాకు ముట్టడు, మందు ముట్టడు. "వక్క చెట్టుకు కాసేదే, కెమికల్ కాదు, మా జేజి అరవై ఏళ్లుగా వక్కాకు నములుతోంది, ఆమెకేం కాలేదు, టీ కాఫీల కంటే ఇదే మేలు కాదా?" అని.

జవాబు ముందే చెప్పేస్తా. మేలు కాదు. ఆ ప్యాకెట్లు మాన్పించండి, ఈ వారంలోనే ఒకసారి పళ్ల డాక్టరుకు నోరు చూపించండి. నిద్ర ఆపుకోవడానికే అయితే టీ, కాఫీ దీనికంటే చాలా నయం. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే నోటిని పాడు చేస్తుంది. ఆకు సంగతి వేరు, దానికి నేను అడ్డం చెప్పను.

నేను అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా పళ్ల డాక్టర్ని. అంతకంటే ముందు యాడికి పక్క ఆకుతోటల ఇంట్లో పుట్టినవాణ్ణి. అవిసె చెట్లకు పాకించిన తమలపాకు తీగల నీడలో ఆడుకుని, ఆ ఆకు అమ్మిన డబ్బుతో చదువుకుని, ఇప్పుడు కూర్చుని వక్క తినొద్దని చెప్తున్నా కాబట్టి మా చిన్నాయనలు నన్ను పెళ్లిళ్లలో ఏడిపిస్తూ ఉంటారు. ఆకు పండేది మనదగ్గరే, అటు కడప వైపు చెన్నూరు, ఇటు యాడికి. వక్క మాత్రం ఎక్కువగా కర్ణాటక సరుకు, శివమొగ్గ, దావణగెరె వైపుది. మడకశిర, అమరాపురం పక్క కూడా తోటలున్నాయి. ఆకు మీద మమకారంతో వక్కను వెనకేసుకురావాల్సిన పని నాకు లేదు, వక్క మీద కోపంతో ఆకును తిట్టే పనీ లేదు.

ముందు మీ జేజి సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే నా దగ్గరికొచ్చే ప్రతి పదిమందిలో ఆరుగురు ఈ మాటే అంటారు.

మా జేజి కూడా వక్కాకు మనిషే. నడుముకు తిత్తి, అందులో ఒక అరలో తడిగుడ్డలో చుట్టిన ఆకులు, ఒక అరలో వక్కలు, ఇంకో అరలో చిన్న ఇత్తడి సున్నపు డబ్బీ. సంగటి తిన్నాక అరుగు మీద కూర్చుని ఆకు కొంగుకు తుడిచి, కాడ తుంచి, కొన గిల్లి పారేసి, ఆకు వెనకవైపు ఈనెల మీద బొటనవేలితో సున్నం పూసేది. అడకత్తెరతో వక్కను టక్ టక్‌మని కొట్టి గోరంత చెక్క ఒకటి మాత్రం పెట్టి మడిచేది. నమిలి, ఉమ్మేసి, చెంబుతో నీళ్లు పుక్కిలించేది. రోజుకు నాలుగు సార్లు, అయిదు సార్లు. పొద్దున కొట్టిన వక్క రాత్రికి ఇంకా మిగిలేది. మేము చేయి చాపితే ఆకు ముక్క ఇచ్చేది గానీ వక్క ఇచ్చేది కాదు. వక్క తింటే నాలుక మొద్దుబారి చదువు రాదంటూ తరిమేది. ఆ కారణంలో నిజం లేదు గానీ ఆ కట్టుబాటు వల్ల మాత్రం మా తరం పిల్లల నోళ్లు చాలా బాగుపడ్డాయి.

ఇప్పుడు మీ అన్న ప్యాకెట్ దగ్గరికి రండి. అందులో ఆకు లేదు. ఎండిన వక్క నలిపి, తీపి, సెంటు, ఒక్కోదాంట్లో పచ్చకర్పూరం కలిపింది. చింపి నోట్లో ఒంపుకుని, బుగ్గకు అదిమిపెట్టి, గంటలకొద్దీ రసం మింగుతూ ఉంటారు. ఉమ్మడం లేదు, పుక్కిలించడం లేదు. స్టీరింగ్ మీద చేయి, బుగ్గలో పొడి. పది, పన్నెండు ప్యాకెట్లంటే మేలుకున్న టైమంతా నోట్లో వక్క ఉన్నట్టే. మీ జేజి వారానికి తినే వక్కను మీ అన్న ఒకటి రెండు రోజుల్లో తింటున్నాడేమో ఒకసారి లెక్కేసి చూడండి. పేరు ఒకటే అయినా అలవాటు ఒకటి కాదు.

పైగా పల్లెలో ఉన్న ఆ పెద్దల అదుపు ప్యాకెట్‌కి లేదు. రూపాయి రెండు రూపాయలకు ఎనిమిదో తరగతి పిల్లాడు కొనుక్కుంటాడు, ఇంట్లోవాళ్లు చాక్లెట్ కాగితం అనుకుంటారు.

ఇంకో మాట, "జేజికేం కాలేదు" అన్నది కూడా పూర్తి నిజం కాకపోవచ్చు. మా జేజికి క్యాన్సర్ రాలేదు, ఎనభై దాటి బతికింది. కానీ చివరి ఏడెనిమిదేళ్లు ఊరిబిండి, అదే మా కారం పచ్చడి, ముట్టలేదు. "నోరు మండుతాంది" అని మజ్జిగ పోసుకుని తినేది. వయసు మీద పడింది కాబట్టి అనుకున్నాం. నేను డెంటల్ కాలేజీలో మూడో ఏడు చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఆమె బుగ్గ లోపల వేలు పెట్టి చూస్తే తోలు బిగుసుకుపోయి, లోపల నిలువుగా తాడులాగా తగిలింది. పుస్తకంలో ముందురోజు చదివిన జబ్బు మా అరుగు మీదే కూర్చుని ఉంది. అయినా వక్కాకు వదల్లేదు లెండి, నేను కూడా ఆ వయసులో వదలమని పోరు పెట్టలేదు.

ఆ జబ్బు పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పని తెలిస్తే చాలు. బుగ్గ లోపలి తోలు కింద పీచులాంటి కొల్లాజెన్ ఉంటుంది, పాతది అరుగుతూ కొత్తది పుడుతూ ఉంటుంది. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం ఆ పీచు ఎక్కువ పుట్టేలా చేస్తుంది, వక్కలోని వగరు, అంటే టానిన్లు, పాత పీచును అరగనివ్వవు, వక్కలో ఎక్కువగా ఉండే రాగి ఆ పీచుల్ని ఒకదానికొకటి ముడివేసే ఎంజైమును రెచ్చగొడుతుంది. మూడూ కలిసి మెత్తటి బుగ్గను ఎండిన తోలు చేసేస్తాయి. 1952లో ష్వార్ట్జ్ అనే డాక్టరు కెన్యాలో ఉంటున్న అయిదుగురు భారతీయ స్త్రీలలో ఈ జబ్బును మొదట రాసిపెట్టాడు. దేశం మారినా వక్క అలవాటు వాళ్లతోపాటే వెళ్లింది.

మన సీమలో ఇది మొదట తెలిసేది ఇంట్లో వంట చేసేవాళ్లకే. అన్నాళ్లూ మిరపకాయ బజ్జీ కొరికి కొరికి తిన్నవాడు ఉన్నట్టుండి "కూరలో కారం తగ్గించు" అంటాడు. మా దగ్గరికి వచ్చేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. పోయిన ఏడాది గుంతకల్లు వైపు నుంచి ఒక పిల్లాడు వచ్చాడు, పంతొమ్మిదేళ్లు, డిగ్రీ. జ్ఞానదంతం వస్తోందేమో, నోరు తెరవడం కష్టంగా ఉందని వాళ్లమ్మ తీసుకొచ్చింది. స్కేలుతో కొలిస్తే పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 18 మిల్లీమీటర్లు. మామూలుగా అయితే నలభై అటూఇటూ ఉండాలి. నా అద్దం లోపల తిప్పడానికే చోటు చాలలేదు. ఉగ్గానిలో నంచుకునే బజ్జీని ముక్కలు చేసుకుని నోట్లో పెట్టుకుంటున్నానని వాడే చెప్పాడు, అదేదో నవ్వులాటగా. ఎనిమిదో తరగతి నుంచి తీపి వక్కపొడి. పొగాకు ఒక్కసారి కూడా ముట్టలేదట, నేను నమ్మాను. వాళ్లమ్మ మాత్రం "వక్కే కదా సార్" అని మూడుసార్లు అడిగింది.

ఆకు చుట్టి వేసుకునేవాళ్లకంటే పొడి వేసుకునేవాళ్లకు ఈ జబ్బు త్వరగా వస్తుందని మన దేశంలో చేసిన అధ్యయనాలే చెబుతున్నాయి. నా కుర్చీలో కూర్చునేవాళ్లలో నేను చూసేదీ అదే. ముసలివాళ్లకు ముప్పై ఏళ్లలో వచ్చింది కుర్రాళ్లకు మూడు నాలుగేళ్లలో వస్తోంది.

దీని మీద క్యాన్సర్ కూడా రావచ్చు. కేరళలో ఈ జబ్బున్నవాళ్లను 17 ఏళ్లపాటు గమనిస్తే 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన చూసే అంతర్జాతీయ సంస్థ 2003లోనే వక్కను, పొగాకు లేని తాంబూలాన్ని కూడా గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో. ఇక్కడ ఒక జాగ్రత్త: గ్రూప్ 1 అంటే రుజువు గట్టిగా ఉందని మాత్రమే అర్థం, తిన్న ప్రతివాడికీ వస్తుందని కాదు. వాట్సాప్‌లో ఈ ముక్క పట్టుకుని భయపెట్టేవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నా. పెళ్లిలో తాంబూలం వేసుకున్నంత మాత్రాన మీకేదో అయిపోతుందని నేను అనను. రోజూ, గంటగంటకూ, ఏళ్ల తరబడి అన్నదే నా బాధ.

సరే, "చెట్టు నుంచి వచ్చేదే కదా" అన్నదానికి వద్దాం. నికోటిన్ కూడా చెట్టు నుంచి వచ్చేదే. గన్నేరు కాయ కూడా చెట్టుకు కాసేదే. వక్కలో హుషారు ఎక్కడిదంటే ఆ అరెకోలిన్‌దే, అది మందులాగా పనిచేస్తుంది కాబట్టే హుషారు. సున్నం తగిలితే అది బుగ్గ తోలు గుండా త్వరగా రక్తంలోకి పోతుంది. సున్నం పాత్ర ఎర్రటి రంగు వరకేనని చాలామంది అనుకుంటారు గానీ మన పెద్దవాళ్లు తెలిసో తెలియకో మోతాదు పెంచే పద్ధతి కనిపెట్టారన్నమాట. రెండు మూడు నిమిషాల్లో ఒళ్లు వెచ్చబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నోట్లో నీళ్లూరతాయి, కాస్త చెమట. అలవాటు లేనివాడు పచ్చి వక్క తింటే తల తిరిగి కూలబడతాడు, మా ఊళ్లో కొత్త అల్లుళ్లకు ఆ మర్యాద జరిగిన సందర్భాలున్నాయి. మెదడులో నికోటిన్ పట్టుకునే చోట్లలో కొన్నింటిని అరెకోలిన్ కూడా పట్టుకుంటుంది. అందుకే పొగాకు లేకపోయినా వదలడం అంత సులువు కాదు.

ఆ హుషారు పావుగంట, ఇరవై నిమిషాలకు మించి ఉండదు. మీ అన్నకు పన్నెండు ప్యాకెట్లు ఎందుకు కావాల్సి వస్తున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాఫీలోని కెఫీన్‌ అలా కాదు, తాగిన అయిదు గంటలకు కూడా ఒంట్లో సగం మిగిలి ఉంటుంది. రెండు గ్లాసులతో గడిచే రాత్రికి వక్కయితే తెల్లవార్లూ నములుతూ ఉండాలి.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా "వక్కతో మందులు కూడా చేస్తారు కదా సార్, మీరు అల్లోపతి వాళ్లు ఒప్పుకోరు" అంటారు. ఒప్పుకుంటా, బాగానే చేస్తారు. అరెకోలిన్‌ను కుక్కల కడుపులో బద్దెపురుగులు పోవడానికి ఎన్నో ఏళ్లు వాడారు, న్యూజిలాండ్‌లో గొర్రెలకు, మనుషులకు కుక్కల ద్వారా సోకే ఒక పురుగు జబ్బును అదుపు చేయడంలో దాని పాత్ర పెద్దది. వక్కను పురుగుల మందుగా వాడటం అటు చైనా వైద్యంలోనూ ఇటు మన వైద్యంలోనూ పాతకాలం నుంచీ ఉంది. మతిమరుపు జబ్బుకు పనికొస్తుందేమోనని అరెకోలిన్‌ను పరీక్షించారు కూడా. అది నిలబడలేదు గానీ ఆ అణువు నమూనాగా తయారుచేసిన జనోమెలిన్ అనే మందును, పక్క ప్రభావాలు తగ్గించే ఇంకో మందుతో కలిపి, 2024 సెప్టెంబరులో అమెరికాలో స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు ఆమోదించారు. నాకు చాలా ముచ్చటేసిన వార్త అది. మా జేజి తిత్తిలో ఉన్న వక్క నుంచి మొదలైన దారి అక్కడిదాకా పోయింది. కానీ వక్కలో ఉన్నదాన్ని మార్చి, మోతాదు కొలిచి, మాత్రగా మింగించే పద్ధతి అది. బుగ్గలో పొడి అదిమిపెట్టడానికీ దానికీ పోలిక లేదు.

ఆకు గురించి కూడా అడుగుతారు. తమలపాకులో ఉన్న ఘాటు నూనెలకు సూక్ష్మక్రిములను ఆపే గుణం ఉంది. భోజనం తర్వాత ఆకులో సోంపు, లవంగం, కాస్త కొబ్బరి పెట్టుకుని నమలండి, నాకేం అభ్యంతరం లేదు. సున్నం మాత్రం వద్దు, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. కాచు కూడా అక్కర్లేదు. ఆకు తింటే క్యాన్సర్ అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, పాపం మా వాళ్ల తోటలు.

ఇక మీ అన్న విషయంలో చేయాల్సిన పనులు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయించండి. ఆయన చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ కలిపి నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టుకోమనండి. మూడు వేళ్లు దూరాలి. రెండే దూరితే ఆలస్యం చేయొద్దు. మూడూ దూరినా బుగ్గ లోపల తెల్లగా పాలిపోయి ఉందా, ఈల వేయగలుగుతున్నాడా, నాలుక బయటికి పూర్తిగా వస్తోందా చూడండి. కారం మండుతోందా అని మాత్రం ఆయన్ని అడక్కండి, లేదనే అంటాడు. వదినను అడగండి. ఎర్రటి, తెల్లటి మచ్చ గానీ రెండు వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపాల్సి రావచ్చు, దానికి భయపడి వాయిదా వేయొద్దు.

మానేస్తే పోతుందా అని అందరూ అడుగుతారు. మొదట్లోనే అయితే మంట తగ్గుతుంది, జబ్బు ముదరడం చాలావరకు ఆగుతుంది. బిగుసుకున్న పీచు మాత్రం పూర్తిగా వెనక్కి పోదు. ఇంజెక్షన్లు ఇస్తాం, వ్యాయామాలు చేయిస్తాం. ఇందాక చెప్పిన పిల్లాడికి నేను ఐస్‌క్రీం పుల్లలు ఇచ్చాను. పుల్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి దవడ పళ్ల మధ్య పెట్టుకుని పట్టుకోవాలి, వారానికి ఒకటి పెంచాలి. వాడు మొదలుపెట్టినప్పటి కంటే ఆరు నెలలకు అయిదు పుల్లలు ఎక్కువ పెట్టుకోగలిగాడు. మధ్యలో ఒక నెల మళ్లీ ప్యాకెట్ తిన్నాడని పుల్లల లెక్కే నాకు చెప్పింది, వాడు చెప్పలేదు.

మానేటప్పుడు మొదటి వారం తలనొప్పి, చిరాకు, మబ్బుగా ఉండటం ఉంటాయి. ఆ వారం రాత్రి లోడు ఎత్తొద్దని చెప్పండి, ఇది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. వీలుంటే నాలుగు రోజులు పగటి ట్రిప్పులు అడగమనండి. ఆయాసం జబ్బు ఉన్నవాళ్లకు వక్క ఇంకా చెడ్డది, ఊపిరి గొట్టాలు బిగిస్తుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె నోట్లోకి అసలు పోనివ్వొద్దు.

రాత్రి నిద్రకు నా దగ్గరికొచ్చే డ్రైవర్లందరికీ చెప్పేది ఒకటే. కళ్లు మూతపడుతుంటే డాబా దగ్గర ఆపి, కాఫీ తాగి, వెంటనే క్యాబిన్‌లో ఇరవై నిమిషాలు పడుకోవాలి. కాఫీ ఎక్కడానికి ఎలాగూ ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. రెండు నుంచి అయిదు మధ్య ఏ కాఫీ, ఏ వక్క కూడా నిద్రకు నిజంగా బదులు కావు. నోరు ఆడుతూ ఉండాలనిపిస్తే, మంట లేకపోతే వేయించిన చెనిక్కాయ విత్తనాలు, మంట ఉంటే సోంపు లేదా చక్కెర లేని చూయింగ్ గమ్. క్యాబిన్‌లో ప్యాకెట్ల దండ వేలాడదీసి ఉంటుంది చూడండి, ముందు దాన్ని దింపించండి. ఎదురుగా వేలాడుతుంటే ఎవడికీ ఆగదు.

ఇంకో చిన్న విషయం. ప్యాకెట్ మీద "పొగాకు లేదు" అని ఉన్నా పక్కనే ఇంకో చిన్న ప్యాకెట్ జతగా అమ్మే అంగళ్లున్నాయి, రెండూ కలుపుకోమని. ఆహారంలో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నుంచి దేశమంతా నిబంధన ఉంది, దాన్ని దాటడానికి వేసిన ఎత్తు ఇది. మీ అన్న అబద్ధం చెప్తున్నాడని నేను అనడం లేదు, జేబులో ఎన్ని రకాల కాగితాలున్నాయో మీరే చూడండి.

మరి మీరు పెళ్లిళ్లలో తాంబూలం ఏం చేస్తారు సార్ అని ఎవరో కింద అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా. రెండు చేతులా తీసుకుంటా, ఆకు అక్కడే నమిలేస్తా, వక్క జేబులో వేసుకుంటా. బట్టలు ఉతికేటప్పుడు మెషీన్‌లో ఆ వక్కలు గలగలమంటే ఇంట్లో నాకు పడే తిట్లు వేరే ఉంటాయి.